గాలిబావి మీద నా పేరు

ఎర్రగాలి, నాలుగో రోజు

పొద్దు పొడిచే వేళకు పడమటి వీధిలో, గాలిలోని తేమను నీళ్లుగా పట్టే గాలిబావులు పదకొండు చూసొచ్చాను. ఒక్కో దాని కింద పది బిందెలు నిండాలి. ఇవాళ మూడేసి నిండాయి. ఒకచోట మూడో బిందె సగంలోనే ఆగిపోయింది. ఆ ఇంటావిడ బిందెను కొంచెం వంచి, లోపల ఎంతున్నాయో చూపించింది, అంతే.

నిచ్చెనెక్కి తెరను వేలితో గీశాను. నార సందుల్లో ఎర్రదుమ్ము తడిసి, ఆరి, గచ్చులా పట్టేసింది. తీగల్లో కరెంటు పోతూనే ఉంది, నార చల్లగానే ఉంది. గాలే లోపలికి దూరకపోతే ఇక నీళ్లెక్కడి నుంచి వస్తాయి?

చెలమపల్లిలో ఇలాంటివి అరవై ఉన్నాయి. బోర్లలో ఉప్పునీళ్లు పడ్డాక ఊరంతా తాగేది వీటి నీళ్లే.

ఆవిష్కరణల మండలికి నెలనెలా పంపే పనిపుస్తకంలో "దుమ్ము వల్ల స్వల్ప తగ్గుదల" అని రాశాను. పది రావలసిన చోట మూడు రావడం స్వల్పం కాదు. అందుకే ఇంకో పుస్తకం మొదలుపెట్టాను. దీన్ని ఎవరికీ పంపను.

ఇంటికొచ్చాక అనసూయ అడిగింది. ఆమె నా భార్య, ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు.

"పోయిన రెండేండ్లు కూడా ఎర్రగాలి వచ్చింది కదా. అప్పుడింత లేదే?"

"ఈ తూరి దుమ్ము సన్నంగా ఉండాది."

"అంతేనా?"

"అంతే."

అంతే కాదు. మొదట కట్టిన తెరలు చేత్తో నేసినవి, వాటికి దుమ్ము ఇలా పట్టలేదు. అవి చిరిగిపోయాక మిల్లు తెరలు కట్టాము. ఆ మాట చెబితే చేత్తో నేసింది ఎవరో కూడా చెప్పాలి.

ఎర్రగాలి, ఏడో రోజు

హుసేనమ్మ సంగతి రాయకపోతే ఈ పుస్తకం కూడా అబద్ధమే అవుతుంది.

ఆమెది దూదేకుల ఇల్లు. పరుపుల దూది ఏకే విల్లు ఆ ఇంట్లో తాతల నాటి నుంచీ ఉంది. మా వైపు పత్తి పండడం ఆగిపోయాక ఆమె అదే విల్లుతో కిత్తనారను ఏకి చాపలు నేసేది. నాలుగేళ్ల కిందట పాత పరుపొకటి ఏకించుకుందామని వాళ్లింటికి పోయాను. పెరట్లో దండెం మీద చాప వేలాడుతోంది. దాని కింద గిన్నె, గిన్నె నిండా నీళ్లు. వాన పడి ఏడాదైంది.

"ఇవి యాడివక్కా?"

"గాలివేలే. నారను బాగా ఏకి ఎడమ పురి పెడితే, వెంట్రుకల మాదిరి లేచి నిలబడతాది. తెల్లారుజామున ఆ కొసలకు నీళ్లు పడతాయి. కోళ్లకు పోస్తాంటా."

ఊరు నీళ్ల కోసం పన్నెండు మైళ్లు బండ్లు తోలుతుంటే ఆమె ఆ నీళ్లు కోళ్లకు పోస్తోంది. అదేదో పెద్ద విషయమని ఆమెకు తోచలేదు. నాకు తోచింది.

నార లోపల చలవ తీగ నడపడం, ఇనుప చట్రం, కింద దోనె, ఇవి నావి. నాలుగు నెలలు ఆమె పెరట్లోనే పనిచేశాం. "ఓబులేసూ, రొట్టె చల్లారిపోతాది, రా" అని పిలిచేది. మొదటి నూట ఇరవై తెరలూ ఆమె, ఆమె ఇద్దరు కోడళ్లూ నేసినవే.

మండలి దరఖాస్తులో 'ఆవిష్కర్త' అని ఒక్కటే గడి ఉంది. దాని పక్కన 'సాంకేతిక డిప్లొమా సంఖ్య' అని ఇంకొకటి. ఆ సంఖ్య నాకుంది, ఆమెకు లేదు. ముందు నా పేరుతో పంపుదాం, అనుమతి వచ్చాక నీ పేరు చేరుద్దాం అన్నాను. "సరేలే నాయనా" అంది. అలా చేర్చే వీలు ఏ కాగితంలోనూ లేదని నాకు అప్పటికే తెలుసు.

అనుమతి వచ్చింది. షెడ్డు, సోలార్ పలకలు, కట్టలకొద్దీ చలవ తీగ, చిరిగినప్పుడల్లా మిల్లు నుంచి కొత్త తెరలు, అన్నీ మండలే ఇచ్చింది. వాటితో పాటు హద్దు కూడా ఇచ్చింది. ముప్పై మైళ్ల లోపల పదేళ్లపాటు నారతో నీళ్లు పట్టే యంత్రం ఇంకెవరూ చేయకూడదు, బాగు చేయకూడదు. కొత్తది కనిపెట్టినవాడు భయం లేకుండా పనిచేసుకోవాలని పెట్టిన చట్టం అది. తప్పుడు ఉద్దేశంతో పెట్టింది కాదు.

హద్దు మొదలైన రోజు ఇద్దరు మనుషులు మగ్గానికి సీలు వేయడానికి వచ్చారు. హుసేనమ్మ ఇల్లెక్కడ అని నన్ను అడిగారు. నేనే వెంట వెళ్లి చూపించాను.

ఆమె ఒక్క మాటే అడిగింది. "ఏంది సారూ ఇది?"

అంతకుముందు నన్ను ఎన్నడూ సారూ అని పిలవలేదు.

ఎర్రగాలి, పదకొండో రోజు

తెరలను నీళ్లతో కడిగించాను. కడగడానికి పోసినన్ని నీళ్లు కూడా తిరిగి రాలేదు. బ్రష్షు పెట్టి రుద్దితే నార తెగింది. చట్రాలను గాలికి అడ్డంగా తిప్పి చూశాను. మూడు బిందెలు రెండున్నరయ్యాయి.

నేత మార్చడానికి అనుమతి కావాలని మండలికి రాశాను. జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది, చాలా మర్యాదగా ఉంది. నేత మారిస్తే అది కొత్త నమూనా కిందికి వస్తుందట. పరీక్షకు ఆరు నెలలు పడుతుందట. ఈలోగా ఇబ్బంది పడకూడదని ఇంకో మూడు వందల మిల్లు తెరలు లారీలో పంపారు. అవి కూడా అదే నేత.

మండలి మాకు సాయం చేయలేదని ఎవరూ అనలేరు. షెడ్డులో తెరలు పైకప్పు దాకా ఉన్నాయి.

వాటి ముందు కూర్చుని ఆలోచించాను. ఈ మూడేళ్లలో నేను గాలిబావిలో ఒక్క మేకు కూడా మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు. నాకంటే మంచిది చేసేవాడు పక్క వీధిలో ఉండే వీలు లేదు. నెలనెలా పనిపుస్తకంలో మాత్రం "పరిశోధన కొనసాగుతున్నది" అని రాసి సంతకం పెట్టాను.

ఎర్రగాలి, పదిహేనో రోజు

ఆరోగ్య కేంద్రంలో పదిహేడు మంది ఉన్నారు. ఎక్కువమంది పిల్లలే. నీళ్లు చాలక పాత బోరునీళ్లు కలుపుకుని తాగుతున్నారు. వాంతులు, విరేచనాలు. అనసూయ మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు. నేనే డబ్బా తీసుకెళ్లాను. నన్ను లోపలికి రానివ్వలేదు.

"వాళ్ల అమ్మలంతా ఈడనే ఉండారు. నిన్ను చూస్తే నీళ్ల సంగతి అడుగుతారు. ఏం చెప్తావు?"

డబ్బా ఇచ్చి వచ్చేశాను.

సాయంత్రం లెక్కలు చూస్తుంటే ఒకటి తేడాగా కనిపించింది. దక్షిణపు వీధి చివర ఆరు గాలిబావుల కింద పదేసి బిందెలు నిండుతున్నాయి. కొలిచేవాడు పొరపాటున రాశాడేమో అనుకున్నాను.

ఎర్రగాలి, పదహారో రోజు

పొరపాటు కాదు.

వెలుగు రాకముందే దక్షిణపు వీధికి పోయాను. దూరం నుంచే చప్పుడు వినిపించింది. టుంయ్, టుంయ్ అని విల్లు మోగుతోంది. గంగన్న ఇంటి ముందు గాలిబావికి నిచ్చెన వేసి ఉంది. పైన హుసేనమ్మ. బిగించి కట్టిన తెర మీద విల్లు నారిని ఆనించి మీటుతోంది. మీటినప్పుడల్లా దుమ్ము పొగలా రాలుతోంది, నార వెంట్రుకల్లా లేస్తోంది. మిల్లు పురిని అక్కడక్కడ విప్పి, ఎడమకు తిప్పి ముడేసింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. నిచ్చెన కింద ఆమె చెప్పులు ఉన్నాయి.

గంగన్న నన్ను ముందు చూశాడు. ముసలాయన, పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సామీ, నీకు దండం పెడతా. పైకి చెప్పొద్దు. మేమే బతిమాలి పిలుచుకొచ్చినాము. ఆ యమ్మ తప్పేం లేదు."

నా యంత్రాన్ని బాగు చేసినందుకు ఆమె తరఫున నాకు దండం పెడుతున్నాడు.

హుసేనమ్మ నన్ను చూసింది. చేతిలో పని ఆపలేదు. నేను తల దించుకుని వెనక్కి వచ్చాను.

ఎర్రగాలి, పంతొమ్మిదో రోజు

ఇవాళ జరిగింది రాయడానికి నాలుగుసార్లు కలం పట్టి వదిలేశాను.

మండలి పరిశీలకురాలు సులోచన గారు వచ్చారు. పిల్లల జబ్బుల సంగతి అక్కడిదాకా పోయింది. ఆమె మంచి మనిషి. ఎండలో అరవై గాలిబావులూ నడిచి చూశారు. దక్షిణపు వీధి చివర ఆగారు. తెరను చేత్తో తడిమారు.

"ఓబులేశు గారూ, ఈ ఆరూ బాగా పనిచేస్తున్నాయి. నేత వేరుగా ఉంది. ఎవరు చేశారిది?"

గంగన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతని కోడలు రంగమ్మ అతని వెనక ఉంది. ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"నేనే చేశానండి," అన్నాను.

హద్దు దాటి బాగు చేసినవాళ్లకు ఊరి బహిష్కరణ ఉంది కాబట్టి, ఆమెను కాపాడడానికే అలా అన్నానని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. కానీ సులోచన గారు నా చెయ్యి పట్టుకుని "మీరు ఇంత పని చేసి చెప్పనే లేదు" అన్నప్పుడు నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణమే, కానీ కలిగింది. ఆ క్షణం గురించి నేను ఎవరికీ ఏ సాకూ చెప్పలేను.

అత్యవసరం కింద నేత మార్పుకు ఆమె అక్కడికక్కడే అనుమతి రాసిచ్చారు. మిగిలిన యాభై నాలుగూ పది రోజుల్లో మార్చాలి. హద్దు ప్రకారం మార్చే హక్కు కనిపెట్టినవాడికి మాత్రమే ఉంది.

నాకు ఆ పురి పెట్టడం రాదు.

ఎర్రగాలి, ఇరవై ఒకటో రోజు

రెండు రోజులు ప్రయత్నించాను. వేళ్లు కోసుకుపోయాయి. ఒక్క తెర కూడా నిలవలేదు.

మధ్యాహ్నం హుసేనమ్మ ఇంటికి పోయాను. మగ్గం మీద సీలు అలాగే ఉంది. ఆ మగ్గం పలక మీదే ఆమె బియ్యం చెరుగుతూ కూర్చుంది.

"అక్కా, సాయం చేయల్ల."

"నువ్వే చేసినావంట కదా సారూ. రంగమ్మ చెప్పింది."

కోసుకుపోయిన వేళ్లు చూపించాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"పిల్లోళ్లకు నీళ్లు గావల్ల. చేసేదానికి నాకేం పట్టింపు లేదు. కానీ ఇంక చీకట్లో పోయి దొంగ మాదిరి చెయ్యను. పట్టపగలు చేస్తా, నా కోడండ్లను తోడు పెట్టుకుని చేస్తా, వచ్చినోళ్లకంతా నేర్పిస్తా. దానికి ఏం గావల్లనో నువ్వు చూసుకో."

"హద్దు ఉండాది కదక్కా. మండలోళ్లు..."

"హద్దు ఎవరి పేరు మీద ఉండాది?"

ఎర్రగాలి, ఇరవై రెండో రోజు

సులోచన గారు ఇంకా విడిది గదిలోనే ఉన్నారు. పొద్దున్నే వెళ్లి మొత్తం చెప్పేశాను. పెరట్లో చాప నుంచి మొన్న చెప్పిన అబద్ధం దాకా. ఆమె ఒక తెల్లకాగితం నా వైపు జరిపారు.

"ఇది కాగితం మీద రాసిస్తారా?"

"రాస్తానండి."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? వివాదంలో ఉన్న నమూనా అవుతుంది. తేలేదాకా దాన్ని ఎవరూ చేయడానికి లేదు. మీరూ చేయకూడదు, ఆవిడా చేయకూడదు. రెండేళ్లకు తక్కువ కాదు."

"మరి ఊరు?"

"అందుకే అడుగుతున్నా." ఆమె ఒక పత్రం తీశారు. "హద్దు స్వచ్ఛందంగా వదులుకునే పత్రం ఇది. దీని మీద సంతకం పెడితే రేపటి నుంచి ఎవరైనా చేయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. నేను మండలిలోకి వచ్చిన ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు. షెడ్డు, పలకలు ఊరికి పోతాయి, మీకేమీ మిగలదు. ఒక్కటే చిక్కు. ఇందులో కారణం రాసే చోటు లేదు. రికార్డులో ఆవిష్కర్తగా మీ పేరే ఉంటుంది."

నిజం రాస్తే నీళ్లు ఆగుతాయి. నీళ్లు కావాలంటే అబద్ధం నా పేరుతో అలాగే ఉంటుంది. సంతకం పెట్టాను.

"సాయంత్రం ఊరిని పిలిచి నోటితో చెప్తానండి," అన్నాను.

"అప్పుడు నేనక్కడ ఉండను. వింటే రాయాల్సి వస్తుంది." ఆమె సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు. తలుపు దగ్గర ఆగి అన్నారు. "దరఖాస్తులో ఆ గడి ఒక్కటే ఎందుకుందని నేనూ ఎప్పుడూ అడగలేదు."

ఎర్రగాలి, ఇరవై మూడో రోజు

నిన్న సాయంత్రం చెప్పాను. ఆరోగ్య కేంద్రం ముందు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లుల ముందు చెప్పాను. మగ్గానికి సీలు వేసేవాళ్లకు ఇల్లు చూపించింది నేనేనని చెప్పేటప్పుడు దుమ్ముకు దగ్గొచ్చి ఆగాను. నీళ్లు తెచ్చి ఇవ్వడానికి ఎవరూ లేవలేదు.

అరుస్తారనుకున్నాను. అరవలేదు. ఒకావిడ మాత్రం లేచింది. "నా కొడుకు నాలుగు దినాల నుంచి కండ్లు తెరవల్యా. నువ్వు ఈ మాట పది దినాల ముందు చెప్పింటే?" అని అడిగి, జవాబు కోసం నిలబడింది. కాసేపటికి ఆమె మళ్లీ కూర్చుంది.

ఇంట్లో అనసూయ అంది. "మొదటి తెరలు ఎవరు నేసినారో నాకు తెల్దా? అడిగితే నువ్వు చెప్తావేమోనని భయపడి అడగల్యా. షెడ్డు వచ్చినాక నలుగురూ నన్ను అమ్మగారూ అంటాండ్రి. నాకది బాగుండె."



ఎర్రగాలి, ముప్పై నాలుగో రోజు

అరవై గాలిబావుల కిందా పదేసి బిందెలు. పిల్లలందరూ ఇళ్లకు పోయారు. కండ్లు తెరవని పిల్లవాడు కూడా నిన్న నడుచుకుంటూ పోయాడు.

హుసేనమ్మ పెరట్లో ఇప్పుడు ఇరవై మంది నేర్చుకుంటున్నారు. రెండు వారాలు కాకుండానే రంగమ్మ నారలో ఈత పీచు కలిపింది. ఆ తెర కింద పన్నెండు బిందెలు నిండాయి. హుసేనమ్మ ఆ తెరను తిప్పి తిప్పి చూసి "నాకంటే బాగా చేసినావే పిల్లా" అంది. పక్క ఊరి కమ్మరి ఒకతను గాలికి తనంతట తానే మోగే విల్లు చట్రానికి బిగించి తెచ్చాడు. అది ఇంకా సరిగ్గా మోగడం లేదు, అతను మళ్లీ పట్టుకుపోయాడు. మూడేళ్లు నా షెడ్డులో జరగనిది ఇక్కడ వారానికొకటి జరుగుతోంది.

నేనూ వెళ్లి వరుసలో కూర్చున్నాను. ఆమె అందరి చేతులూ సరిచేస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

"నువ్వు లేయి. నీకు నేను ఒకతూరి నేర్పించినా."

లేచాను. అప్పటి నుంచి తెరలు దించే పని, మళ్లీ ఎక్కించే పని చేస్తున్నాను. అందుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఎర్రగాలి, నలభై తొమ్మిదో రోజు

రాజధాని నుంచి లారీ వచ్చింది. ఈసారి తెరలు కాదు, నల్లరాయి ఫలకం. షెడ్డు ముందు, రోడ్డు మీద పోయే వాళ్లందరికీ కనబడేలా పాతేశారు. నేను వద్దని ఎంత చెప్పినా ఆ మనుషులు వినలేదు. వాళ్లకు వచ్చిన ఉత్తర్వు వాళ్లది. తీయించమని మండలికి రాయాలంటే ఎందుకో కూడా రాయాలి.

వాళ్లు పోయాక గడ్డపార తెచ్చాను. ఫలకం పక్కన గుంత తీస్తుండగా హుసేనమ్మ అటుగా వచ్చింది.

"కండ్లద్దాలు తేల్యా. ఏం రాసినారు, చదువు."

"వద్దులే అక్కా."

"చదువు."

చదివాను. "గాలిబావి ఆవిష్కర్త, ప్రజల కోసం తన హద్దును స్వచ్ఛందంగా వదులుకున్న త్యాగశీలి శ్రీ బి. ఓబులేశు." త్యాగశీలి అన్న మాట దగ్గర ఆగాను. ఆమె "ఊఁ, చదువు" అంది. మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆమె గడ్డపార నా చేతిలోంచి తీసుకుని గోడకు ఆనించింది.

"ఉండనీ. తీసేస్తే ఏమొస్తాది? దీన్ని చదివినోళ్లంతా వచ్చి నిన్ను అడుగుతారు. అడిగినోళ్లకంతా చెప్పుకుంటా ఉండు."

ఇవాళ ఇద్దరు అడిగారు. ఒకరు బండి ఆపి దిగి, నాకు నమస్కారం కూడా పెట్టారు. ఇద్దరికీ చెప్పాను. రెండోసారి కూడా మొదటిసారి అంత కష్టంగానే ఉంది.